మహామంత్రి సాళువ తిమ్మరుసు

ధర్మవరమునుండి హిందూపురమునకు రైలులో పోవువారికి నడుమదారిలో పెనుకొండ కనబడును. పేరునకు తగినట్లు అది పెద్దకొండయే. కొండమీదను, కొండ దిగువను కోటగోడలు. ఊరిలో గగనమహలు, గుళ్లు, బాబయ్య దర్గా. కోట ఉత్తరద్వారమువద్ద 1354 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయలు తన కుమారుడగు వీరవిరుపణ్ణ ఒడయరునకు పెనుకొండ రాజ్యమును అప్పగించిన సంగతిని అది తెలుపును. 1565లో రాక్షసి తంగడి యుద్ధము ముగిసి హంపీ పాడుపడిన తరువాత తిరుమలరాయలు తరలివచ్చి ఇచ్చటనే రాజధానిని నెలకొల్పెను. ఇంత చరిత్ర గల ఈ కోటకు ప్రజల నోట నిలిచిన కథ మాత్రము ఒక రాజుది కాదు. అది ఒక మంత్రి కథ. శ్రీకృష్ణదేవరాయలను గద్దె నెక్కించిన సాళువ తిమ్మరుసు కన్నులు పోగొట్టుకొని ఈ కోటలో తుదిదినములు గడపెనని వారు చెప్పుదురు. ఆయన సమాధి యని ఒక కట్టడమును చూపుదురు.

1962లో వచ్చిన చలనచిత్రము మూలమున తిమ్మరుసు పేరు తెలుగునాట తెలియనివారు లేరు. కాని ఆయన చేసిన పని యేమి యని అడిగినచో మనలో చాలమంది రాజునకు బుద్ధి చెప్పుట యని మాత్రమే అందురు. ఆ పని కొంత వివరముగా తెలిసికొనదగినది.

తిమ్మరుసు కౌండిన్యగోత్రజుడగు నియోగిబ్రాహ్మణుడు. తండ్రి రాచయామాత్యుడు, తాత వేమయామాత్యుడు. తమ్ముడు గోవిందరాజు. చెల్లెలు కృష్ణమాంబను నాదెండ్ల తిమ్మయామాత్యునకు ఇచ్చిరి. వారి కుమారులు అప్పన, గోపన యను ఇరువురు. ఈ వంశక్రమమును మంగళగిరి, కాజ శాసనములు తెలుపుచున్నవి. ఆయన బాల్యమును గూర్చిన కథలు, పేదరికమును, దైవకృపను, శకునములను గూర్చినవి, ఎన్నియో ప్రచారములో నున్నవి. అవి వినుటకు ఇంపుగా నుండును గాని చరిత్రకు పనికిరావు. వీరనరసింహరాయల కొలువునాటికే ఆయన రాజ్యములో మొదటివరుస మంత్రి.

ఆ వీరనరసింహరాయల మరణశయ్యయొద్ద జరిగినదని చెప్పు ఒక ఉదంతము తిమ్మరుసు జీవితమునకు మొదటి మలుపు. దీనిని వ్రాసి యుంచినవాడు నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు. రాజునకు ఎనిమిదేండ్ల కుమారుడు కలడు. తన తరువాత రాజ్యము ఆ బాలునకు దక్కవలెనను కోరికతో, తమ్ముడగు కృష్ణరాయల కన్నులు పెరికించి తెచ్చి చూపుమని రాజు తిమ్మరుసును ఆజ్ఞాపించెనట. తిమ్మరుసు కృష్ణరాయలను గుఱ్ఱపుశాలకు పిలిపించి సంగతి తెలిపెను. ఇరువదియేండ్లు దాటిన ఆ యువకుడు తనకు రాజ్యముతో పని లేదనియు, జోగియై దేశములు పట్టి పోయెదననియు చెప్పెను. తిమ్మరుసు ఒక మేకను చంపించి, దాని కన్నులను తీసికొనిపోయి రాజునకు చూపెను. రాజు తృప్తితో కన్నుమూసెను. 1509లో కృష్ణరాయలు పట్టమునకు వచ్చెను. నాటినుండి తిమ్మరుసును తండ్రిగా భావించి అప్పాజీ యని పిలిచెను.

రాయలు గద్దె నెక్కునాటికి రాజ్యమునకు మూడువైపుల శత్రువులు. ఉత్తరమున బహమనీ రాజ్యము ముక్కలై ఏర్పడిన సుల్తానులు, తూర్పున కటకపు గజపతి, దక్షిణమున లొంగని ఉమ్మత్తూరు పాలెగాడు. ఇట్టి సమయమున మంత్రి మొదటి విధి సైన్యమును నిలుపుట. ఆ కాలమున సైన్యము నిలుచునది ప్రధానముగ భూమిమీద.

నేటి ప్రభుత్వములలో కొలువు విరమించిన సైనికుల బాగోగులకు ప్రత్యేకముగా ఏర్పాట్లున్నవి. కేంద్రములో రక్షణ మంత్రిత్వశాఖ క్రింద 2004లో మాజీ సైనికుల సంక్షేమ విభాగము ఏర్పడినది. జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు కలవు. విజయనగరములో అట్టి శాఖయు లేదు, దానికి వేరుగా మంత్రియు లేడు. కొలువులోని బంటు జీతము, పోరులో కూలినవాని యింటివారి బ్రతుకు, వయసు మళ్లినవాని కూడు, ఈ మూడును భూమిలెక్కలలో ఇమిడి యుండెను. ఆ లెక్కలమీద రాజు తరువాతి అధికారము ప్రధానమంత్రిది.

రాజ్యములోని ఊళ్లు మూడు తెగలు. నేరుగా బొక్కసమునకు పన్ను కట్టునవి భండారవాడ. దేవునికి, బ్రాహ్మణునికి ఇచ్చినవి మాన్యము. సైన్యమును పోషించుటకు నాయకుల కిచ్చినవి అమరము. అమరము పొందిన నాయకుడు ఆ రాబడిలో రాజునకు చేరవలసినది చెల్లించి, మిగిలినదానితో ఇన్ని గుఱ్ఱములు, ఇన్ని యేనుగులు, ఇంత కాల్బలము అని నిర్ణయించిన దండును పోషింపవలెను. రాజ్యము రెండువందలకు మించిన నాయకుల నడుమ పంచబడి యుండెననియు, వారు పోషింపవలసిన కాల్బలము ఆరులక్షలు, గుఱ్ఱములు ఇరువదినాలుగువేలనియు నూనిజ్ వ్రాసెను. రాయల తరువాత అచ్యుతరాయల కొలువులో ప్రధానమంత్రి చేతిక్రింద నున్న సీమల రాబడి పదునొకండు లక్షల బంగారు వరహాలట. ఆయన ముప్పదివేల కాల్బలమును, మూడువేల గుఱ్ఱములను, ముప్పది యేనుగులను నిలుపవలసి యుండెనట. అనగా మంత్రి కూడ ఒక దండనాయకుడే. తిమ్మరుసు స్థానమును ఊహించుకొనుటకు ఈ లెక్క కొంత తోడ్పడును. ఇదిగాక బొక్కసమునుండి నేరుగా జీతము తిను దండు వేరుగా నుండెను. 1443లో విజయనగరమునకు వచ్చిన అబ్దుర్ రజాక్ అను పారశీక దూత, నాటి సైనికులకు నాలుగు నెలల కొకమారు జీతము ముట్టుచుండెనని చెప్పెను.

ఈ యేర్పాటులో ఒక మెలిక యున్నది. మాన్యము ఆచంద్రార్కము, సూర్యచంద్రులు ఉన్నంతకాలము చెల్లునని రాతిపై చెక్కింతురు. అమరము అట్టిది కాదు. కత్తి పట్టినంతకాలము, రాజునకు నమ్మకమున్నంతకాలము మాత్రమే అది చెల్లును. నాయకునిమీద అనుమానము కలిగిన నాడు రాజు సీమను తిరిగి తీసికొనవచ్చును. నాయకుని సీమ పోయినచో ఆతని క్రింది బంట్ల బ్రతుకును తెగిపోవును. ముసలివాడైన బంటునకు, ఆతని కుమారుడు ఆ కత్తిని అందుకొనుటయే పింఛను. పోరులో చచ్చినవాని యింటివారికి మాత్రము కొంత నిలుకడ కలదు. హిందూపురము, మడకశిర ప్రాంతములు తెలుగు కన్నడముల కూడలి. ఇచ్చటి పాతరాతలు అధికముగ కన్నడములో నుండును. ఆ కన్నడ శాసనములలో నెత్తరు కొడగె యను మాట కనబడును. నెత్తురు చిందించినవాని కుటుంబమునకు ఇచ్చిన భూమి యని దాని యర్థము. వాని పేర వీరగల్లు నిలుపుదురు. పొలము గట్టున కత్తియెత్తిన వీరుడు, పైన ఆతనిని స్వర్గమునకు కొనిపోవు అప్సరసలు ఉన్న రాయిని చూచినపుడు, ఆ రాతివెనుక ఎక్కడనో ఒక మడిచెక్క లెక్క ఉండవచ్చునని విద్యార్థులు తలపవలెను.

భూమి ఇచ్చినంతమాత్రమున కూడు పుట్టదు, నీరు కావలెను. వాన తక్కువైన ఈ సీమలో అది మరియు నిజము. ధర్మవరపు పెద్దచెరువును క్రియాశక్తి ఒడయరు కట్టించెననియు, తల్లి ధర్మాంబ పేర ఊరు వెలసెననియు స్థలపురాణము. రాయలు తన ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగమున, దేశము చిన్నదైనను చెరువులు కాలువలు త్రవ్వించి పేదకు పన్ను తగ్గించిన రాజునకు రాబడి పెరుగునని చెప్పెను. రాబడిని నాలుగు పాళ్లు చేసి, రెండు పాళ్లు సేనకును, ఒక పాలు దానభోగములకును, ఒక పాలు బొక్కసమునకును కేటాయింపుమని కూడ చెప్పెను. సగము రాబడి సేనకే! దుర్గములను నమ్మకమైన బ్రాహ్మణుల చేతిలో నుంచుమనునది ఆ భాగములోని మరియొక ఉపదేశము. ఈ నీతులను వ్రాయునప్పుడు రాయల కన్నులయెదుట ఎవరు నిలిచిరో ఊహింపవచ్చును. తరువాతి కాలమున వెలసిన రాయవాచకము అను వచనగ్రంథము కూడ, క్రొత్తగా పట్టమునకు వచ్చిన రాజునకు బొక్కసమును, సేనను, దుర్గములను గూర్చి అప్పాజీ బోధించినట్లే చిత్రించినది.

1513లో కళింగయుద్ధము ప్రారంభమయ్యెను. మొదట ఉదయగిరి. ఆ కొండకోటను ముట్టడించి, 1514లో లోబరచుకొనిరి. గజపతి బంధువు తిరుమల రౌతరాయడు పట్టుబడెను. అచ్చటి బాలకృష్ణుని విగ్రహమును రాయలు హంపీకి తెచ్చి 1515లో గుడి కట్టి నిలిపెను. ఆ యేడే, జూను 23వ తేదీన, కొండవీడు పడెను. ఈ విజయములో తిమ్మరుసు పేరును శాసనములు ప్రత్యేకముగా కీర్తించినవి. గజపతి కుమారుడు వీరభద్రుడు, నరహరిపాత్రుడు, రాచూరు మల్లూఖానుడు, ఉద్దండఖానుడు మొదలగువారు ప్రాణములతో పట్టుబడిరి. వారికి అభయదానము చేసినట్లు శాసనము చెప్పుచున్నది.

కొండవీటి విజయములో ఈ అభయదానమే తిమ్మరుసు ఎట్టివాడో తెలిసికొనుటకు ముఖ్యమైనది. ఓడిన నాయకులను చంపినచో వారి బంట్లు అడవులు పట్టి దారులు కొట్టుదురు. వారికి అభయమిచ్చి కొలువిచ్చినచో వారి బంట్లును కొలువులో నిలుతురు. వీరభద్ర గజపతికి 1516 నాటికి కన్నడదేశములోని మలెబెన్నూరు సీమ పాలన లభించినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది. నూనిజ్ మాత్రము, అవమానము భరింపలేక వీరభద్రుడు ఆత్మహత్య చేసికొనెనని వ్రాసెను. రెండును నిజము కావచ్చును; సీమ పొందినవాడు తరువాత ప్రాణము తీసికొని యుండవచ్చును. అయినను అభయమును రాతిమీద వ్రాయించుకొన్న ప్రభుత్వమునకు దాని విలువ తెలిసియుండెనుట నిశ్చయము.

కొండవీటి సీమ పాలన తిమ్మరుసునకే దక్కెను. ఆయన రాజధానిలో నుండుటచేత పని నడపినవారు మేనల్లుండ్రు నాదెండ్ల అప్పన, గోపన. వారిద్దరును సాహిత్యమునకు కూడ కావలసినవారు. మాదయగారి మల్లన తన రాజశేఖరచరిత్రమును అంకితమిచ్చినది ఈ అప్పనకే. గోపన తెలుగున కృష్ణార్జున సంవాదమును రచించెను. సంస్కృతములో ప్రబోధచంద్రోదయమునకు వ్యాఖ్య వ్రాసెను. మేనమామ కూడ వట్టి దండనాయకుడు కాడు. అగస్త్యుని బాలభారతమునకు మనోహర యను వ్యాఖ్య తిమ్మరుసు పేర నున్నది. దండయాత్రల నడుమ కావ్యమునకు టీక వ్రాయు తీరిక ఎట్లు చిక్కెనో గాని, ఆనాటి పెద్దలకు అది వింత కాదు.

బంధువులందరిని పెద్ద పదవులలో నిలిపెనని ఆయనను నేడు మనము తప్పుపట్టవచ్చును. తమ్ముడు గోవిందరాజునకు కూడ కన్నడదేశమున పెద్ద అధికారము లభించెను. తాను దూరమున నున్నపుడు కోటతాళములను నమ్మి ఇచ్చుటకు ఆనాడు రక్తసంబంధమునకు మించిన పూచీ లేదు. ఆ పూచీయే ఆయనకు తుదకు ముప్పు తెచ్చినది.

1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పేస్ అను పోర్చుగీసువాడు తిమ్మరుసును ముసలివానినిగా వర్ణించెను. రాజగృహమంతయు ఆయన ఆజ్ఞలో నున్నదనియు, గొప్ప ప్రభువులందరు రాజు నెదుట మెలగినట్లే ఆయన యెదుట మెలగుదురనియు అతడు వ్రాసెను. ఆ యేడే రాచూరు యుద్ధము. బిజాపురపు ఆదిల్‌షా ఓడిపోయెను. విజయము వెల యెంతయో కూడ నూనిజ్ చెప్పెను: రాయల పక్షమున చచ్చినవారు పదునారువేలకు పైగా తేలిరనియు, వారందరిని దహనము చేయించి, వారి ఆత్మశాంతికై రాయలు గొప్పదానములు చేసెననియు. పదునారువేల ఇండ్లు! ఆ ఇండ్లలో ఎన్నింటికి మడిచెక్క ముట్టెనో, ఎన్నింటికి వీరగల్లు మాత్రమే మిగిలెనో ఏ విదేశీయుడును వ్రాయలేదు.

తరువాతి కథ దుఃఖకరము. రాయలకు తిరుమలదేవియందు కలిగిన కుమారుడు తిరుమలరాయడు. తాను జీవించి యుండగనే ఆరేండ్ల ఆ బాలునకు పట్టము కట్టి రాయలు తాను మంత్రివలె నుండెను. 1524 నాటి శాసనములలో బాలుని పేర రాచబిరుదములు కనబడును. ఉత్సవములు ఎనిమిది నెలలు సాగెనట. అంతలో బాలుడు జబ్బుపడి మరణించెను. తిమ్మరుసు కుమారుడు తిమ్మదండనాయకుడు విషము పెట్టించెనను మాట పుట్టెను. రాయలు కొలువులో అందరి యెదుట తిమ్మరుసును నిందించి, తండ్రిని, కుమారుని, పినతండ్రి గోవిందరాజును చెరలో వేయించెను. తిమ్మరుసు బంధుబలగమునకు జంకి, వారిని పట్టుకొనుటకు అప్పుడు నగరములో నున్న పోర్చుగీసువారిని తోడు తెచ్చుకొనవలసి వచ్చెనని నూనిజ్ చెప్పెను. సొంత సేనలో ఎవరిని నమ్మవలెనో రాజునకు తోచలేదన్నమాట. ఆ సేనను ఇంతకాలము నిలిపినవాడు ఎవడు?

మూడేండ్లు గడచెను. కుమారుడు చెర తప్పించుకొని, దారిదోపిడికాండ్రుండు కొండలలో బంధువైన ఒక కోటనాయకుని చెంత చేరి, రాజుమీద తిరుగబడెను. రాయలు పెద్దదండును పంపి ఆతనిని పట్టి తెప్పించెను. బ్రాహ్మణుని చంపరాదను నియమముండుటచేత ముగ్గురి కన్నులును తీయించి మరల చెరకు పంపెను. కుమారుడు అందే మరణించెను. తండ్రియు, పినతండ్రియు మిగిలిరి. నూనిజ్ కథ ఇంతటితో ఆగును.

ఈ వృత్తాంతమును ఎంతవరకు నమ్మవలెను? నూనిజ్ వ్రాసినది సుమారు పదేండ్ల తరువాత, నగరములో వినికిడినిబట్టి. కన్నులు తీసిన సంగతిని రాతిమీద చెక్కించు రాజు ఉండడు గనుక శాసనములను అడిగి లాభము లేదు. మేక కన్నుల కథయు, తిమ్మరుసు కన్నుల కథయు ఒకదానికొకటి అద్దము పట్టినట్లుండుటయే అనుమానమునకు తావిచ్చును. ప్రజలు కథ చెప్పుకొనునపుడు ఇట్టి సమతూకమును తామే కల్పింతురు. కాని తిమ్మరుసు పతనము మాత్రము కల్పన కాదు. ఎల్లకాలము ఉండునట్టి అధికారము ఒక్కమారుగా పోయినది. విషము సంగతి ఋజువైనట్లు నూనిజ్ కూడ చెప్పలేదు. రాజునకు అట్లు తెలిసినదని మాత్రమే చెప్పెను. ఒక ముసలి తండ్రిని కుమారుని పేర శిక్షించుట, నిజమే అయినను, న్యాయమనిపించుకొనదు. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి తీర్పరి కాకూడదు. అమరమువలెనే మంత్రిపదవియు రాజు నమ్మకమున్నంతకాలము చెల్లునది. దానికి ఆచంద్రార్కము లేదు. సీమల నాయకులకు ఆ నియమమును అమలు జరిపిన చేతులకే అది తిరిగి తగిలినది.

చెర ఎక్కడనో నూనిజ్ పేర్కొనలేదు. పెనుకొండ యని చెప్పునది జనశ్రుతి. తిరుపతిలో కన్నుమూసెనని మరియొక వాడుక కలదు. పెనుకొండ కథయే ఎక్కువ గట్టిగా నాటుకొనుటకు కారణము లేకపోలేదు. రాజధానికి దక్షిణమున, నమ్మకమైన కాపలాగల కొండకోట అది. పలుకుబడిగల ఖైదీని దాచుటకు తగినచోటు. అదిగాక ఈ సీమకు కన్నులు పోయిన అధికారి కథ మరియొకటి ఉన్నది. హిందూపురమునకు చేరువ లేపాక్షిలో వీరభద్రాలయమును కట్టించిన విరుపణ్ణ పెనుకొండలో కోశాధికారి. అచ్యుతరాయల కాలము. బొక్కసపు సొమ్ము గుడికి ఖర్చుచేసెనను నేరమునకు కన్నులు తీయుమని ఆజ్ఞ కాగా, ఆతడు తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెనట. ఆ గోడమీది ఎఱ్ఱని మరకలను నేటికిని చూపుదురు. లేపాక్షి మరకలును, పెనుకొండ సమాధియు ఒక రైలుదారికి అటునిటు, ఒకే జిల్లాలో నున్నవి. పాలకులకు లెక్కలు చూపినవారిని ఈ సీమ ఏ భయముతో తలచుకొనెనో ఈ రెండు కథలును తెలుపుచున్నవి.

1529లో రాయలు మరణించెను. అచ్యుతరాయలు చంద్రగిరినుండి వచ్చి గద్దె నెక్కెను. అమరనాయకులు ఎప్పటివలెనే తమ సీమలను అనుభవించుచు, సందు దొరకినపుడు స్వతంత్రులగుచు వచ్చిరి. 1565 తరువాత పెనుకొండకు వచ్చిన తిరుమలరాయలకు ఆ నాయకులను అదుపులో నుంచుటయే పెద్దపని యయ్యెను. ఆ నాయకుల వారసులు పాలెగాండ్రు. 1800లో ఈ సీమ కంపెనీవారి చేతికి వచ్చి థామస్ మన్రో కలెక్టరుగా వచ్చునాటికి దత్తమండలములో ఎనుబదిమంది పాలెగాండ్రు, వారి క్రింద సుమారు ముప్పదివేల ఆయుధపు బంట్లు ఉండిరి. వారి చేత కత్తి విడిపించి నాగలి పట్టించుటకు మన్రోకు ఏడేండ్లు పట్టెను.